పిల్ల మోయగల రాళ్ళు

ఏడో నీళ్ళు పారబోసి, తేటపడ్డ గులకరాళ్ళలో చేయి పెట్టి కలియబెడుతున్న సరళ వేళ్ళకు తగిలింది రాయి కాదు, పన్ను.

మొదట పలుగురాయి ముక్క అనుకుంది. తీసి అవతల పడేయబోయి, ఎందుకో ఎండకు పట్టి చూసింది. ఒకవైపు నున్నగా పాలతెలుపు. రెండోవైపు పసుపుపచ్చ. చిన్నపిల్లల ముందు పన్ను. కిందటేడు కూతురు కవితకు ఊడిన పళ్ళు నాలుగింటినీ ఇంటి కప్పు మీదికి విసిరింది తనే. అందుకే ఆమెకు తెలుసు. దానంతట అది ఊడిన పాలపంటికి వేరుండదు. దీనికుంది. వడ్లగింజంత, సన్నగా, చెక్కుచెదరకుండా.

అంటే ఈ పన్ను ఊడలేదు. పంటితో పాటు ఉండాల్సిన మనిషే లేకుండా పోయింది.

సరళ కుళాయి కట్టేసింది. ఖానాపురం హవేలిలో వాళ్ళు కిరాయికుంటున్న ఇంటి వెనక రేకుల షెడ్డు అది. భర్త శ్రీధర్ ఆఫీసుకు, కవిత బడికి వెళ్ళాక షెడ్డు మొత్తం ఆమెదే. వరసగా నాలుగు ప్లాస్టిక్ తొట్లు, గోడకు రెండు జల్లెడలు, మూలన గాజు పెట్టెలు. చేపల కోసం తొట్టి పెట్టేవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు. నీళ్ళ అడుగున మొక్కలు నాటి, అడవి ముక్క తెచ్చి హాల్లో పెట్టినట్టు చేసి ఇచ్చేది సరళ ఒక్కతే. ఆ పనిలో మొక్కలకన్నా, చేపలకన్నా ముందు చూసుకోవాల్సింది రాయి. రాయి చెడితే నీళ్ళు చెడతాయి. నీళ్ళు చెడితే మిగతావేవీ నిలవవు.

పాత చీర నేల మీద పరిచి తొట్టిలోని రాళ్ళన్నీ దాని మీద కుమ్మరించింది. గొంతుక్కూర్చుని, బియ్యంలో మట్టిగడ్డలు ఏరినట్టు, ఒక్కో పిడికెడు పక్కకు జరుపుతూ చూసింది. గంట గడిచింది. రెండో వస్తువు దొరికింది. గోరంత తెల్లటి ముక్క, అంచు దగ్గర గుండ్రటి బెజ్జం. దాన్ని సీసా మూతలో పెట్టి పైన నాలుగు చుక్కల వెనిగర్ వేసింది. పలుగురాయైతే ఊరుకుంటుంది. సున్నమున్నదైతే నురగ కక్కుతుంది.

నురగ వచ్చింది. సన్నటి చప్పుడుతో, లోపలెవరో ఊపిరి వదులుతున్నట్టు, చాలాసేపు వచ్చింది.

గవ్వ. సూదీ దారం పోవడానికి బెజ్జం పొడిచిన గవ్వ. తండాలో ఆడవాళ్ళ పేటియా లంగాల అంచుకు, చిన్నపిల్లల టోపీలకు కుట్టే గవ్వ.

సరళ చేతులు పైటకు తుడుచుకుని తండ్రికి ఫోన్ చేసింది. చర్ల అవతల అడవిలో బోడవాగు తండాలో లాల్‌సింగ్ ఒక్కడే ఉంటాడు. భార్య గోరి పోయి మూడేళ్ళయింది. కూతురు కావాలన్న రాయిని వాగులో వెతికి, జల్లించి, బస్తాలకెత్తి పంపడమే ఇప్పుడాయన పని. ఫోనెత్తగానే ఆయన అడిగింది ఒకటే: రాళ్ళు మంచిగున్నాయా అని. ఉన్నాయని, ఈసారివి వాగులో ఏ వైపు తీశావని సరళ అడిగింది. వాగులోనే అన్నాడు. ఏ దగ్గర అంది. అవతల గాలి వినిపించింది. తర్వాత, చందూలాల్ ట్రాలీ ఆటో రేపు ఖమ్మం నుంచి తిరిగొస్తుందనీ, దానిలో ఖాళీ బస్తాలు పంపమనీ చెప్పి పెట్టేశాడు.

చందూలాల్. తండాలో బండి ఉన్నవాడు అతనొక్కడే. ఇటుక, కంకర, కర్ర, ఏది దొరికితే అది మోస్తాడు. ముసలాయన చేత కాకపోతే ఎక్కడో మిషన్ పెట్టి తవ్విన రాయిని ఇతనే తెచ్చి ఆయన అరుగు మీద పోస్తున్నాడేమో. పెళ్ళి కాకుండా పోయిన పిల్లల్ని కాల్చరు, పూడుస్తారు. బోడవాగు మలుపులో ఆ చోటు ఉంది. సరళ చెల్లెలు బాలి అక్కడే ఉంది. పోయేనాటికి దానికి ఆరేళ్ళు.

పన్ను మాత్రం అరచేతిలో ఉంది. ఎవరిదో చెప్పడానికి దాని మీద పేరు లేదు.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. ఈ మూడు బస్తాలు పోయిన గురువారం వచ్చినవి. అంతకుముందు అదే రకం రాయి తొమ్మిది బస్తాలొచ్చాయి. ఆ తొమ్మిదీ చెంచురామయ్యగారి హాల్లో ఆరడుగుల తొట్టిలో ఉన్నాయి.

చెంచురామయ్యగారిది కోస్తా. దమ్మపేట దగ్గర పామాయిల్ తోటలు వేసి, ఇల్లు మాత్రం ఖానాపురం హవేలిలో కట్టుకున్నాడు. ఆ ఇంటికి తొట్టి కుదర్చడానికి సరళ మూడు నెలలు పట్టించింది. కారణం రాయే. తండ్రి పంపిన మొదటి రకం వెనిగర్‌లో పొంగింది, వాపస్ పంపింది. రెండో రకం అంచులు క్రషర్ రాయిలా కోసుకుపోతున్నాయి. అడుగున తిరిగే మీసాల చేపలకు మీసాలు తెగుతాయని అదీ వాపస్. మూడోది ఎర్రమట్టి పట్టి ఎన్ని నీళ్ళు మార్చినా టీ రంగు వదల్లేదు. నాలుగోసారి వచ్చినవి చూసి ఆమె నోరు తెరిచింది. జొన్నగింజకు తక్కువ లేదు, శనగగింజకు ఎక్కువ లేదు. గుండ్రంగా, తేనె రంగుగా, ఎవరో కూర్చుని ఏరినట్టు. జల్లెడ పట్టే పనే పడలేదు. తండ్రికి ఫోన్ చేసి, ఇలాంటి రాయి ఖమ్మం మొత్తంలో లేదు బాపూ అని చెప్పింది. అవతల ముసలాయన నవ్వడం చాన్నాళ్ళకు విన్నది.

మధ్యాహ్నం ఆమె వెళ్ళేసరికి చెంచురామయ్య తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"రామ్మా రా. నేనే ఫోన్ చేద్దామనుకుంటున్నా. ఆ ఎడమ మూల చూడు ఎంత ఏపుగా వచ్చిందో. మిగతావన్నీ జానెడున్నాయి, అది పైకొచ్చి నీళ్ళ మీద ఆకేసింది. అక్కడేం ఎరువేశావు?"

తను వేసింది అంతటా ఒకటే. అడుగున రెండు వేళ్ళ మందం పుట్టమన్ను, దాని మీద గులకరాయి, ముందు రెండు వేళ్ళు, వెనక నాలుగు వేళ్ళు ఎత్తు. ఏ మూలకూ వేరే ఎరువు వేయలేదు. ఆ మాటే చెప్పింది. ఆయన నమ్మలేదు. రైతు కళ్ళు మావి, బలం ఎక్కడుందో మొక్కే చెబుతుందన్నాడు.

ఆయన భార్య పద్మావతమ్మ మజ్జిగ తెచ్చిచ్చి, తనకు తోచింది తనూ చెప్పింది. మీసాల చేపలు తొట్టంతా తవ్వి పోస్తున్నాయట. ఆ మూలకు మాత్రం వెళ్ళవట. దాని అంచు దాకా వచ్చి, వరసగా నిలబడి, తిరిగిపోతాయట. "సాయంత్రం పూట అక్కడ కూర్చున్నానంటే లేవబుద్ధి కాదమ్మాయ్. ఎవరో పిల్ల పక్కన కూర్చున్నట్టుంటుంది. ఆయనతో అంటే నవ్వుతారు."

సరళ మజ్జిగ గ్లాసు కింద పెట్టి ఎడమ మూల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. గాజుకు ముక్కు ఆనేంత దగ్గరగా చూసింది. మొక్క తెల్లటి వేళ్ళు రాళ్ళ సందుల్లోంచి జారి గాజు వెంట కిందికి పాకాయి. అన్నీ ఒకచోటికే పోతున్నాయి. అక్కడ సగం విరిగిన గవ్వ. వేళ్ళు దాని బెజ్జంలోంచి దూరి, చుట్టూ అల్లుకుని, బిగించి పట్టుకున్నాయి. గవ్వ వెనకాల గోధుమరంగులో పుల్ల లాంటిది మరొకటి ఉంది. దాన్ని ఒకసారి చూసింది. మళ్ళీ చూడలేదు.

లేచి, ఈ రాయి మొత్తం తీసి మార్చాలండీ అంది.

చెంచురామయ్య నవ్వాడు. ఇంత బాగా ఎదిగినదాన్ని పీకుతానంటావేంటమ్మా అన్నాడు. రాయిలో సున్నం ఉందనిపిస్తోందని సరళ చెప్పింది. ఆయన నవ్వు ఆగిపోయింది. కోపం లేదు గానీ, మాట తప్పినవాళ్ళను చూసే చూపు.

"నా కళ్ళ ముందే గదా వెనిగర్ పోసి చూపించావు, నురగ రాలేదని. అప్పుడు లేని సున్నం ఇప్పుడెక్కడిది? ఏదో ఉంది, చెప్పట్లేదు నువ్వు. చెప్పు, అప్పుడు తీద్దాం."

చెప్తే ఏమవుతుందో ఆమెకు కనిపిస్తూనే ఉంది. పోలీసులు, ఆ వెనక తండా. ఎవరి పిల్లలో తెలియని ఎముకల్ని వేరే ఊరివాళ్ళు కవర్లలో వేసి నంబర్లు రాస్తారు. రెండు రోజులాగండి, ఊరికెళ్ళొచ్చి చెప్తాను అంది. గుమ్మం దాటుతుంటే పద్మావతమ్మ మళ్ళీ తొట్టి ముందు కుర్చీలో కూర్చోవడం కనిపించింది. ఆమె పెదవులు కదులుతున్నాయి. ఎవరికో ఏదో చెబుతున్నట్టు.

బాలి ఆ తొట్టిలో ఉందా? ఉంటే ఎవరు తెచ్చి వేశారు? సరళకు తెలియాల్సింది ఇంతే. తెలిస్తే గింజ మిగలకుండా తీసి వెనక్కి తీసుకుపోతుంది.

మరునాడు పొద్దున ఆరింటికి చందూలాల్ ట్రాలీ ఆటోలో అతని పక్కన ఎక్కింది. పన్నునూ గవ్వ ముక్కనూ చిన్న స్టీలు డబ్బాలో దూది మధ్య పెట్టి చేతిసంచిలో వేసుకుంది. వెనక పిండి బస్తాలు, రేకులు, ఒక పాత ఫ్రిజ్. చందూలాల్‌ది నలభై దాటిన వయసు, నోరు ఊరుకోదు. భద్రాచలం వంతెన దాటే దాకా అతను వేళాకోళం ఆపలేదు. తండాలో అందరూ నవ్వుతున్నారట. అడవిలో మొక్కలుండగా నీళ్ళలో నాటడమేంటని, వాగులో చేపలుండగా హాల్లో పెంచడమేంటని, చివరికి రాళ్ళకు కూడా స్నానం చేయించే మనిషి మా తండాలో పుట్టిందని.

సరళ అతని చేతులు చూస్తూ కూర్చుంది. స్టీరింగ్ మీద గీరుకుపోయిన, మొరటు చేతులు.

"చందన్నా, బోడవాగు మలుపు కాడ మిషన్ గిట్ల ఏమన్న పెట్టినవా?"

అతను బ్రేకు వేయలేదు. కానీ బండి నెమ్మదించింది.

"ఏ మలుపు?"

"పిల్లలున్న మలుపు."

రోడ్డుకు రెండువైపులా టేకు చెట్లు దగ్గరికొస్తున్నాయి. చందూలాల్ గొంతులో వేళాకోళం పోయింది.

"మా తమ్ముడున్నడు సరళా ఆడ. తొమ్మిది నెలలోడు. నేనే చేతుల మీద ఎత్తుకపోయిన. నేను మిషన్ పెడ్తనా ఆడ? నీ బస్తాలు మీ బాపు అరుగు మీద కట్టి ఉంటయ్, నేను ఎత్తుకొని వస్త. గంతే. వాగు దిక్కు నేను పోను. ఎవరూ పోరు. ఎండాకాలం నుంచి ఆడ చప్పుడైతుందంటున్నరు."

ఎలాంటి చప్పుడని అడిగింది. అతను చెప్పడానికి ఇష్టపడలేదు. చివరికి, జల్లెడ పట్టినట్టు అన్నాడు. పొద్దుగూకే ముందు. పిండి జల్లిస్తున్నట్టు ఒకటే తీరుగా. పశువుల కాపరులు విని, ఆ పక్కకు మేతకు తోలడం మానేశారట.

చర్లకు ముందు పోలీసు క్యాంపు దగ్గర బండి ఆపారు. ఒకతను వెనక బస్తాలు పొడిచి చూస్తున్నాడు. ఇంకొకతను కిటికీ దగ్గరికొచ్చి సరళ సంచి తెరవమన్నాడు. స్టీలు డబ్బా మూత తీశాడు. దూది జరిపి, పన్నును చూసి, ఆమె ముఖం చూశాడు. మా పాపదని సరళ చెప్పింది. అతనికి కూడా ఇంటి దగ్గర ఎవరో ఉన్నట్టున్నారు, ముఖం మెత్తబడింది. దాచుకోకూడదమ్మా, కప్పు మీద వేస్తేనే కొత్తది మంచిగొస్తది అని చెప్పి మూత పెట్టి ఇచ్చాడు. పక్కన చందూలాల్ ఆ డబ్బావైపు చూశాడు. బండి కదిలించాడు.

తండాకు చేరేసరికి మధ్యాహ్నం మూడు. లాల్‌సింగ్ ఇంటికి గొళ్ళెం పెట్టి ఉంది. అరుగు మీద గోనెసంచులు నాలుగు, తాడు చుట్ట, తూకం రాయి. జల్లెడలు పెట్టే చిలక్కొయ్యలు ఖాళీ. పక్కింటి సోమ్లి గుమ్మంలో కూర్చుని గవ్వలు కుడుతోంది. మీ బాపు అన్నం గూడ ఆడికే పట్కపోతుండు, అడిగితే మా సరళ పని అంటడు అని చెప్పింది. ఏ దిక్కుకంటే చెయ్యెత్తి చూపలేదు. కళ్ళతో వాగువైపు చూసి దించుకుంది.

చందూలాల్ బండి దగ్గరే నిలబడ్డాడు. సరళ ఒక్కతే నడిచింది.

గడ్డి మోకాళ్ళెత్తు పెరిగింది. ఒకప్పుడు లాల్‌సింగ్ పోడు కొట్టి జొన్న వేసిన చోట ఇప్పుడు వరసగా అటవీశాఖ మొక్కలు. అది దాటాక నేల కిందికి వాలుతుంది. అక్కడ ఆమెకు చప్పుడు వినిపించింది.

జల్లెడ చప్పుడే. కుడి నుంచి ఎడమకు మూడు ఊపులు, ఒక తట్టు. మళ్ళీ మూడు ఊపులు, ఒక తట్టు. అది ఎవరు నేర్పిన ఊపో ఆమెకు తెలుసు. ఖమ్మంలో షెడ్డులో తండ్రిని ఎదురుగా కూర్చోబెట్టి, మూడుసార్లు ఊపి ఒకసారి తట్టాలె బాపూ, అప్పుడే సన్నది కింద పడుతదని తనే చూపించింది.

మలుపు తిరిగింది.

వాగు ఒడ్డున గుంతలు. మిషన్ తవ్వినట్టు అడ్డదిడ్డంగా లేవు. వరసలో ఉన్నాయి. ఒక్కొక్కటి మూడడుగులో, నాలుగడుగులో. ఒకటి మరీ చిన్నది, పిండి కలిపే పళ్ళెమంత. గుంత అంచులన్నీ గడ్డపారతో నీటుగా చెక్కి ఉన్నాయి. ఒక్కోదాని పక్కన మూడు కుప్పలకు జాగా: ఎడమన లావు రాయి, కుడిన దుమ్ము, మధ్యన ఖాళీ చోటు. మధ్యన ఉండాల్సినవి తన దగ్గరికొచ్చాయి.

ఆ ఖాళీ చోట్ల దగ్గర సరళ చేతివేళ్ళు వాటంతటవే కదిలాయి. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికొచ్చి ఏదో కొలిచాయి. తొమ్మిదేళ్ళ వయసులో ఈ వాగులోనే, తండా ఆడవాళ్ళందరితో పాటు నీళ్ళలో కూర్చుని, ఆమె బాలి కోసం రాళ్ళు ఏరింది. పెద్దరాయి తీస్తే యాడి, వాళ్ళమ్మ గోరి, ఆమె చేతిలోంచి లాక్కుని విసిరేసింది. పిల్ల మోయదే, చిన్నయి ఏరు అంది. అంచు గరుకైనవి వద్దంది. మట్టి పట్టినవి వద్దంది. ఏరినవాటిని గంపలో వేసి ఏడు నీళ్ళ కడిగించింది. పైన నక్కలు తవ్వకుండా ముళ్ళకంప. కంప కింద, పిల్ల మీద, సన్నరాళ్ళు. తండాలో ఏ పిల్ల పోయినా అంతే.

నాలుగోసారి వచ్చిన రాయి ఎవరో ఏరినట్టు ఉండడం కాదు. ఏరినవే.

లాల్‌సింగ్ నీళ్ళ అంచున గొంతుక్కూర్చుని ఉన్నాడు. పంచె పైకి కట్టి, తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. జల్లెడలోది గంపలోకి వంచి, గంపను నీళ్ళలో ముంచి గుండ్రంగా తిప్పుతున్నాడు. బురద పోయేదాకా తిప్పి, ఎత్తి, నీళ్ళు కారనిచ్చి, మళ్ళీ ముంచాడు. పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతున్నాడు. కూతురి నీడ నీళ్ళ మీద పడ్డా లెక్క పూర్తయ్యేదాకా తల ఎత్తలేదు.

"వచ్చినవా బిడ్డా," అన్నాడు. "ఇంకో ఐదు బస్తాలు కావాలంటివి గదా. ఇగ మంచిరాయి లేదు. తీసేసిన కుప్పలల్లనే మళ్ళ ఏరుతున్న."

సరళ స్టీలు డబ్బా తెరిచి ఆయన ముందు పట్టుకుంది. ఆయన తడిచేయి పంచెకు తుడుచుకుని, పన్నును వేలితో తాకి చూసి, దూది సర్ది, మూత తనే పెట్టాడు. కింద పడిపోకుండా పెట్టినంత జాగ్రత్తగా.

"చందూలాల్ కాదు గదా, బాపూ."

"కాదు."

"నువ్వేనా?"

"అవ్. నేనే."

ఆయన గంప ఒడ్డున పెట్టాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, వాగువైపు చూస్తూ మొదలుపెట్టాడు. గొంతు పెంచలేదు. పొలం పని ఎలా జరిగిందో చెప్పేవాడిలాగే చెప్పాడు.

"నురగ రావద్దంటివి. కోసుకపోవద్దంటివి. ఎర్రగుండద్దంటివి. మూడు తాపల వాపస్ చేస్తివి. వాగంత తిరిగిన బిడ్డా, ఎగువకు పోయిన, దిగువకు పోయిన. నువ్వు చెప్పినసొంటి రాయి యాడ లేదు. ఒక దినం ఈడ కూసొని బువ్వ తింటున్న. కాలి కింద చూస్తే గదే రాయి. కంప మెల్లగ పక్కకు జరిపిన. పైపైన ఒక గంపెడు తీసిన. పైన రాళ్ళే గదా, కిందికి పోను అనుకున్న. మళ్ళ కంప కప్పిన.

"నువ్వు ఫోన్ చేసినవ్. ఖమ్మంల గిట్లాంటి రాయి లేదంటివి. పోడు పోయినంక, మీ యాడి పోయినంక, లాల్‌సింగూ నీ పని మంచిగున్నదని నాతోని ఎవరన్నరు? ఆ రాత్రి నిద్ర పట్టలే నాకు. తెల్లారి మళ్ళ వచ్చిన. పైన అయిపోయింది, కిందికి పోయిన. పెద్దయి ఏమన్న తగిలితే తీసి ఆ ఇప్పచెట్టు మొదట్ల ఒక్కకాడ పెట్టి గుడ్డ కప్పిన. ఒక్కటి పారెయ్యలే. సన్నయి జల్లెడల పడిపోయినయ్. నాకు కండ్లు సరిగ ఆనయ్ గదా."

సరళ అడగాల్సింది అడిగింది. ఖమ్మంలో పెద్దాయన ఇంట్లో తొట్టిలో ఉన్న తొమ్మిది బస్తాల్లో బాలి ఉందా అని.

"లేదు. ఆ తొమ్మిది బస్తాలు వేరేటోళ్ళ పిల్లలయి. ఒక్కో గుంతకు ఒక్కో బస్తా. చందూలాల్ తమ్మునిది రెండోది, ఆ చిన్నగున్నది. సోమ్లి బిడ్డది ఐదోది. పేర్లన్ని నాకెరుకే, కావాలంటే చెప్త. మనదానియి మొన్న బేస్తారం పంపిన మూడు. దాని మీద మీ యాడి మూడు గంపలు పోసింది, యాదికున్నదా నీకు."

వెనక గడ్డిలో అడుగుల చప్పుడైంది. చందూలాల్ మలుపు దాకా వచ్చి ఆగిపోయాడు. పళ్ళెమంత గుంత అతని కాళ్ళ ముందుంది. లాల్‌సింగ్ అతన్ని చూశాడు. చూసి, మాట ఆపలేదు. అతనికి కూడా వినపడేలా, కాస్త గట్టిగా చెప్పాడు.

"మనదాని కాడికి రావద్దనే అనుకున్న బిడ్డా. తొమ్మిది అయినయ్, అదొక్కటే మిగిలింది. గడ్డపార పట్టుకొని పొద్దంత దాని పక్కన కూసున్న. వదిలేద్దామనుకున్న. కానీ రేపు తండోళ్ళు వచ్చి చూస్తే ఏమంటరు? లాల్‌సింగ్ మా పిల్లలందర్ని తవ్వుకొని, తన పిల్లను దాసుకున్నడంటరు. అది తప్పు గదా. గందుకే దాన్ని గూడ తీసిన."